నాలుగున్నర లక్షల్లో ఇంటిల్లిపాదికీ ఒక పాత కారు: ఒక తనిఖీ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో పదహారేళ్లు ఇంజన్ పని చేసిన తర్వాత, గత ఏడేళ్లుగా బండ్లు బాగుచేయడం తగ్గించుకుని, సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవారి తరఫున బండి చూసి పెట్టే పనినే ఎక్కువగా చేస్తున్నాను. అమ్మేవారి దగ్గర కమీషన్ తీసుకోను. కొనేవారే బండికి ఇంత అని ఇస్తారు, ఆ బండి కొన్నా కొనకపోయినా అంతే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసులో తనిఖీకి తీసుకున్న నాలుగు బండ్లలో మూడింటిని వద్దన్నాను. బేరం కుదిరితేనే డబ్బు వచ్చేవాడు మూడుసార్లు వద్దనడం కష్టం.

2025 అక్టోబరు చివరి వారంలో కంకిపాడు నుంచి ఒక హైస్కూలు మాస్టారు వచ్చారు. ఇంట్లో ఐదుగురు: భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మాస్టారి తల్లిగారు. ఆమెకు డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నెలకు రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకురావాలి. చేతిలో ఉన్నది చీటీ ఎత్తిన డబ్బు, నాలుగున్నర లక్షలు. అప్పు చేసే ఉద్దేశం లేదు. అందరూ అడిగే ప్రశ్నే ఆయనా అడిగారు: "ఏ మోడల్ మంచిదండీ?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. ఆరేడేళ్లు తిరిగిన బండి విషయంలో మోడల్ పేరు చెప్పేది సగం సంగతే. ఒకే ఏడు, ఒకే రంగు, ఒకే ధరలో ఉన్న రెండు బండ్లలో ఒకటి పదేళ్లు నడుస్తుంది, రెండోది పది నెలల్లో ఇంటిని గుల్ల చేస్తుంది. అందుచేత ముందుగా ఒక కాగితం ఇచ్చి, మామూలు నెలలో ఎక్కడెక్కడికి, ఎందరు, ఎన్నిసార్లు వెళతారో రాసుకుని రమ్మన్నాను. మర్నాడు ఆయన భార్య చేతిరాతతో ఆ పట్టిక వచ్చింది. బడికి రానూపోనూ 36 కిలోమీటర్లు, నెలకు దాదాపు 22 రోజులు, ఆ ప్రయాణంలో ఆయన ఒక్కరే. ఆసుపత్రి రెండుసార్లు, తల్లిగారితో. నూజివీడులోని పుట్టింటికి నెలకోసారి, అందరూ కలిసి. అన్నీ కూడితే నెలకు వెయ్యి కిలోమీటర్లు, అంటే ఏడాదికి 12,000.

ఈ ఒక్క అంకెతో ఇంధనం సంగతి చాలావరకు తేలిపోయింది. డీజిల్ బండి అయితే కలిసొస్తుందని మాస్టారి బావమరిది గట్టిగా నమ్ముతున్నారు. లెక్క వేసి చూపించాను. పెట్రోలు లీటరు సుమారు 110 రూపాయలు, మైలేజీ 17 అనుకుంటే ఏడాదికి 77,600 రూపాయలు అవుతుంది. డీజిల్ లీటరు 97, మైలేజీ 20 అనుకుంటే 58,200. తేడా 19,000 పైచిలుకు. అది తక్కువేమీ కాదు, బావమరిది మాటలో నిజం లేదని నేను అనలేదు. అయితే ఈ బడ్జెట్లో దొరికే డీజిల్ చిన్న కారు కనీసం తొమ్మిది పదేళ్ల పాతది. ఆ వయసు ఇంజన్‌కు ఇంజెక్టర్లు, టర్బో, హై ప్రెషర్ పంపులలో ఏ ఒక్కటి మొరాయించినా రెండేళ్ల పొదుపు ఒక్క బిల్లులో పోతుంది. సీఎన్‌జీ సంగతి ఇంకా త్వరగా తేలింది. డిక్కీలో సిలిండర్ పెడితే తల్లిగారి వాకర్ పెట్టడానికి చోటుండదు.

కొత్త కారు ఎందుకు కాకూడదన్న ప్రశ్న కూడా వచ్చింది, రావలసిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, ఆల్టో కె10 షోరూం ధర 4 లక్షల లోపు, వ్యాగన్‌ఆర్ మొదటి వేరియంట్ షోరూం ధర 5 లక్షల లోపుకు అప్పుడు దిగాయి. కానీ లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపి రోడ్డు మీదకు వచ్చేసరికి వ్యాగన్‌ఆర్ వీరి చేతికి అందదు. అందే ఆల్టోలో వెనుక సీటులో ఇద్దరు పిల్లల పక్కన మోకాళ్లు చాపుకోలేని పెద్దావిడను రెండు గంటలు కూర్చోబెట్టడం న్యాయం కాదు. కొత్త కారు కొనకపోయినా ఆ పన్ను తగ్గింపు మాత్రం మాకు తర్వాత బేరంలో అక్కరకొచ్చింది.

మోడళ్ల జాబితా నుంచి మొదట కొన్నిటిని తీసేశాను. జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. అవి చెడ్డ కార్లని కాదు. ఫోర్డ్ ఫిగో నడిపినవారు ఇప్పటికీ దాని స్టీరింగ్‌ను మెచ్చుకుంటారు. అయితే ఒక్క హెడ్‌లైట్ కోసమో, డోర్ అద్దం కోసమో వారాల తరబడి ఎదురుచూసే ఓపిక రోజూ బడికి వెళ్లాల్సిన మనిషికి ఉండదు. ఇక మిగిలినవి వ్యాగన్‌ఆర్, గ్రాండ్ ఐ10, టియాగో, సెలెరియో. ఏడాది 2018కి తక్కువ కాకూడదనీ, వీలైతే ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండాలనీ నియమం పెట్టుకున్నాం. డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటుకు 2021 చివరి నుంచి మాత్రమే అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. కాబట్టి ఈ వయసు బండ్లలో వేరియంట్ పేరు చూసి ఊహించుకోకుండా, డ్యాష్‌బోర్డు మీదా స్టీరింగ్ మీదా గుర్తు ఉందో లేదో చూసుకోవాల్సిందే.

మొదటి బండి మా జాబితాలోది కాదు. బావమరిది పట్టుబట్టి చూపించిన 2016 స్విఫ్ట్ డీజిల్. మీటరు మీద 84,000 కిలోమీటర్లు ఉంది. ఆ 1,248 సీసీ ఇంజన్ ఒకప్పుడు ఊరూరా తిరిగిన గట్టి ఇంజన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి దాన్ని ఆపేసింది. ఇంజన్ దాకా వెళ్లకముందే నాకు పెడళ్లు కనిపించాయి. క్లచ్ పెడల్ రబ్బరు కుడి అంచున నున్నగా అరిగి, లోపలి ఇనుము మెరుస్తోంది. బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం సరికొత్తది. ఎనభై నాలుగు వేలకు క్లచ్ పెడల్ అంత అరగదు, ఒక్క బ్రేక్ రబ్బరే మార్చేంత అవసరం ఎవరికీ రాదు. ఇవి అనుమానాలే, రుజువులు కావు. రిజిస్ట్రేషన్ నంబరు పెట్టి అధీకృత సర్వీస్ రికార్డు తీయిస్తే, 2022 మార్చిలోనే 1,41,000 కిలోమీటర్ల దగ్గర సర్వీస్ జరిగినట్టు ఉంది. మీటరు వెనక్కి తిప్పిన బండిలో అసలు నష్టం కిలోమీటర్లది కాదు. ఎప్పుడు ఏది మార్చాలో చెప్పే లెక్క మొత్తం తప్పిపోతుంది. ఆ బండి సంగతి అక్కడితో ముగిసింది. బావమరిది ఆ తర్వాత మా వెంట రాలేదు.

రెండోది ఒక కార్ కన్సల్టెన్సీలో ఉన్న 2018 గ్రాండ్ ఐ10 పెట్రోలు, 38,000 కిలోమీటర్లు, సింగిల్ హ్యాండ్. చెప్పిన ధర అదే ఏటి బండ్ల కంటే నలభై వేలు తక్కువ. ఈ బండి గురించి కొంచెం ఎక్కువ రాయాలి. మా ప్రాంతంలో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

తలుపు తీయగానే గులాబీ సెంటు ముఖాన కొట్టింది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, డ్యాష్‌బోర్డుకు మెరుగు. ఇంజన్ శుభ్రంగా స్టార్ట్ అయింది, ఏ శబ్దమూ లేదు. మాస్టారి ముఖంలో సంతోషం కనిపించింది. నేను ఎడమవైపు ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. రోజూ బయటికొచ్చే మూడడుగులు నల్లగా, సబ్బుతో కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఇంకా లాగితే, రీలు దగ్గర ఎప్పుడూ బయటికి రాని జానెడు భాగం బూడిద రంగులో ఉంది, ఆ మరక అంచు పెన్సిలుతో గీత గీసినట్టు తిన్నగా ఉంది. బెల్టు రీలు తలుపుల మధ్య స్తంభం అడుగున ఉంటుంది. నీరు అంత ఎత్తుకు వచ్చి, కనీసం కొన్ని గంటలు నిలిస్తేనే అలాంటి గీత పడుతుంది. తర్వాత మిగతావి వరసగా కనిపించాయి. సీటు కింది పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో మూలకు అంటుకుని ఎండిన ఒండ్రు, స్టీరింగ్ కింద వైరింగ్ కనెక్టర్ ఒకటి ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. వేలితో రుద్దితే ఆ చిలుము పొడిలా రాలింది.

ఆర్‌సీలోని చిరునామా, 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి రోజుల తరబడి నీటిలో ఉన్న కాలనీది. అదే రోజున ఖమ్మంలో మున్నేరు పొంగింది. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. నేను బండి చూడటానికి ముందే ఈ మూడు తేదీల్లో అది ఎక్కడ ఉందో అడుగుతాను. అడగకపోయినా దొరికే ఇంకో ఆధారం ఇన్సూరెన్స్ కాగితం. ఈ గ్రాండ్ ఐ10 పాలసీ 2025 జనవరిలో రెన్యువల్ అయింది, అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. ఏటా క్లెయిమ్ లేకుండా కట్టిన పాలసీకి ఆ బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. ఏడేళ్ల బండికి అది సున్నా అయిందంటే అంతకు ముందు ఏడు క్లెయిమ్ చేసి ఉండాలి, లేదా పాలసీ మధ్యలో తెగిపోయి ఉండాలి. రెండింటికీ సంజాయిషీ కావాలి. కన్సల్టెన్సీ ఆయన "వానకు కాస్త తడిసింది సార్, అంతే" అన్నారు.

మాస్టారికి ఇంకా ఆ బండి మీద ఆశ పోలేదు. "ఏడాది నుంచి నడుస్తూనే ఉంది కదండీ, ఇంజన్ బాగుంది కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మునిగిన బండిలో ఇంజన్‌ను విప్పి శుభ్రం చేయవచ్చు, ఆయిల్ మార్చవచ్చు. వైరింగ్‌ను అలా కడగలేము. చిలుము నెలల తరబడి లోలోపల తింటూ పోయి, ఒక రోజు లైట్లు, మరో రోజు స్టీరింగ్ మోటారు, ఇంకో రోజు స్టార్టింగ్ ఆగిపోతాయి, ఏ మెకానిక్‌కూ మూలం దొరకదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎయిర్‌బ్యాగులను నడిపించే కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేరు లివరుకు దగ్గరగా, నేలకు ఆనుకుని ఉంటుంది. సీటు బెల్టు రీలు దాకా నీరు వస్తే అది మునగకుండా ఉండదు. అది పనిచేస్తుందో లేదో గుద్దుకున్న రోజున గానీ తెలియదు. నలభై వేలు తగ్గించి ఇస్తున్నది దాని కోసమే అన్నాను.

మూడో బండి నేనే వెతికాను. నా మొదటి మొగ్గు టియాగో వైపే. 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గుద్దించి చూసే పరీక్షలో పెద్దల రక్షణకు దానికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. 2019లో అదే సంస్థ పరీక్షించిన వ్యాగన్‌ఆర్‌కు వచ్చినవి రెండు. పిల్లలున్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. గన్నవరం దగ్గర ఒక యువకుడి దగ్గర 2020 టియాగో ఉంది, ఆయన రెండో ఓనరు, ధర 4,10,000. రంగులో తేడా లేదు, బాడీ లైన్లు సమంగా ఉన్నాయి, టింకరింగ్ చేసినవాడు పనిమంతుడే. పెయింట్ మందం కొలిచే పరికరం పెట్టాను. ఎడమ ఫెండర్ మీద 110 మైక్రాన్లు వచ్చింది, ఫ్యాక్టరీ పెయింటు దాదాపు అంతే ఉంటుంది. బానెట్ మీద 290, కుడి ఫెండర్ మీద 340. ఇంతవరకు ఫరవాలేదు, మన ఊళ్లలో ఫెండరుకు రంగు వేయించని బండి అరుదు. తర్వాత ముందు అద్దం పక్కన, తలుపు కీలు దిగువన ఉండే స్తంభం మొదట్లో పెడితే 600 దాటింది. అంటే అక్కడ పుట్టీ ఉంది. తలుపు రబ్బరు బీడింగ్ లాగి చూస్తే, ఫ్యాక్టరీలో వరసగా చుక్కల్లా పడే స్పాట్ వెల్డింగ్‌లకు బదులు చేత్తో వేసిన వెల్డింగ్ గడ్డలు కట్టి ఉంది.

బండి కంప్యూటర్‌కు స్కానర్ పెడితే లోపాల కోడ్ ఒక్కటీ లేదు. కానీ కోడ్‌లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం ఆరు కిలోమీటర్లు అని చూపించింది. నేను వస్తున్నానని తెలిశాక ఎవరో చెరిపారు. తాళం తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఈ బండిలో అది వెలగనే లేదు. ఆరని దీపం కంటే వెలగని దీపం నన్ను ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే అలా చేయడానికి ఒక మనిషి కూర్చుని పని చేసి ఉండాలి. అమ్మే కుర్రాడికి ఇవేవీ తెలియవని నాకు అనిపించింది. అతనూ మోసపోయి కొన్నవాడే.

నక్షత్రాలు ఎందుకిచ్చారో గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన, ఎక్కడా కోయని బాడీకి ఇచ్చినవి అవి. స్తంభం కోసి మళ్లీ అతికించి, ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని చంపేసిన ఈ ఒక్క బండికి ఆ నాలుగులో ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పలేరు. మరో టియాగో కోసం రెండు వారాలు చూశాం. ఆ ధరలో దొరికినవాటిలో ఒకటి టాక్సీగా తిరిగి ప్రైవేటుకు మార్చినది, ఇంకొకదానికి ఏఎంటీ (క్లచ్ పెడల్ లేని) గేర్లలో ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు. రెండూ వదిలేశాం.

నవంబరు మూడో వారంలో బందరు నుంచి ఒక ఫోను వచ్చింది. రిటైరైన ఉద్యోగి ఒకరు బెంగళూరులో పిల్లల దగ్గరికి వెళ్లిపోతూ 2019 మే నెల వ్యాగన్‌ఆర్ అమ్ముతున్నారు. 1.0 లీటరు పెట్రోలు, ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉన్న వేరియంట్, 46,300 కిలోమీటర్లు, అడిగిన ధర 4,25,000. బండిని నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందు రోజే చెప్పి, పొద్దున ఆరున్నరకు వాళ్ల వాకిట్లో దిగాను. బానెట్ మీద చేయి పెట్టి చూశాను, చల్లగా ఉంది. కొందరు నిద్ర లేచీ లేవగానే ఒకసారి స్టార్ట్ చేసి, వేడెక్కించి, ఆపేసి కూర్చుంటారు. చల్లటి ఇంజన్ చెప్పే నిజం వేడి ఇంజన్ చెప్పదు.

మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది. సైలెన్సర్ దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే నీటి ఆవిరి తప్ప నూనె చుక్క పడలేదు. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఐడిల్‌లో సన్నటి వణుకు ఉంటుంది, అది లోపం కాదు. సిలిండర్లలో ఒత్తిడి (కంప్రెషన్) 190, 186, 188 పీఎస్‌ఐ వచ్చింది, మూడింటి మధ్య తేడా లెక్కలోకి రానంత. ఈ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు కాకుండా చెయిన్ ఉంటుంది, కాబట్టి ఆ ఖర్చు బెడద లేదు. చెయిన్ శబ్దం లేదు. పెయింటు మందం బండి చుట్టూ 95 నుంచి 125 మైక్రాన్ల మధ్య ఉంది, వెనుక బంపరు మూల ఒక టచప్ తప్ప.

బందరు బండి అనగానే నేను అందరికంటే ఎక్కువసేపు కింద పడుకుని చూస్తాను. సముద్రపు గాలికి పైన మెరిసే బండి కింద తినేసి ఉంటుంది. జాకీ మీద ఎత్తి, బ్రేక్ పైపులు, సైలెన్సర్ జాయింట్లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, నేల రేకు అతుకులు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూశాను. ఆర్మ్‌ల మీద పైపై తుప్పు ఉంది, గీకితే కింద గట్టి ఇనుము తగిలింది. సైలెన్సర్ వెనుక జాయింట్ మరో రెండేళ్లు రావచ్చు. ఎడమవైపు ముందు లింక్ రాడ్ వదులుగా ఉంది, రెండు ఆర్మ్ బుష్‌లూ పగుళ్లు తేలాయి. తర్వాత 65వ నంబరు జాతీయ రహదారి మీద ఎనభై వేగంతో నడిపి, స్పీడు బ్రేకర్ల మీద నెమ్మదిగా దింపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కీ ముందుకూ పోనిచ్చి చూస్తే, ఆ లింక్ రాడ్ చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

ఈ బండి విషయంలో ప్రత్యేకంగా చూడవలసింది ఇంకొకటి ఉంది. 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 మధ్య తయారైన 1.0 లీటరు వ్యాగన్‌ఆర్‌లలో ఫ్యూయల్ పంపు పరిశీలన కోసం మారుతి 2020 జులైలో 56 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబరు ఇచ్చి అడిగిస్తే, ఈ బండికి ఆ పని అప్పుడే ఉచితంగా పూర్తయినట్టు తేలింది. కంపెనీ వెనక్కి పిలిచిన బండి అనగానే చాలామంది బెదురుతారు. నన్నడిగితే, పిలిచి బాగుచేసిన బండి నయం, పిలిచినా వెళ్లని బండితోనే చిక్కు.

మధ్యాహ్నం మాస్టారు తల్లిగారిని తీసుకొచ్చారు. మొదటి రోజే నేను పెట్టిన షరతు అది: ఆమె కూర్చోకుండా ఏ బండికీ అడ్వాన్స్ ఇవ్వకూడదు. టియాగోలో ఆమె ముందు వెన్ను పెట్టి కూర్చోబోయి, సీటు కిందికి ఉండటంతో తటాలున జారి, "పడ్డట్టుంది నాయనా" అన్నారు. వ్యాగన్‌ఆర్ తలుపు తీసి పక్కన నిలబడ్డాను. ఎడమ చేత్తో తలుపు పట్టుకుని, తిరిగి, మంచం అంచున కూర్చున్నట్టు కూర్చున్నారు. కాళ్లు ఒక్కొక్కటే లోపలికి పెట్టుకున్నారు. మళ్లీ దిగమన్నాను, దిగారు. మూడుసార్లు ఎక్కి దిగాక, "ఇదైతే ఎవరూ పట్టుకోనక్కర్లేదు" అన్నారు. రెండు నక్షత్రాల సంగతి నేను మాస్టారి దంపతుల ముందు దాచలేదు. కోయని బాడీ, పనిచేసే రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న ఈ బండి, స్తంభం అతికించిన టియాగో కంటే మేలని నా అభిప్రాయం చెప్పి, వెనుక సీటులో కూడా బెల్టు పెట్టుకోవాలన్నాను. అప్పుడు చూస్తే వెనుక బెల్టు బకిళ్లు కనిపించలేదు. సీటు కవర్లు కుట్టినవాడు వాటిని లోపలే వదిలి పైన కుట్టేశాడు. నేను చూసిన పాత కార్లలో సగానికి సగం ఇలాగే ఉంటాయి. బ్లేడుతో కుట్లు విప్పి బకిళ్లన్నీ బయటికి తీశాం.

బేరంలో నేను వాడినవి రెండు. మొదటిది కొత్త వ్యాగన్‌ఆర్ ధర తగ్గడం. కొత్తది దిగితే పాతది దిగక తప్పదు. రెండోది టైర్లు. టైరు పక్కన అండాకారంలో ఉండే చివరి నాలుగంకెలు 1019, అంటే 2019లో పదో వారం. అరుగుదల తక్కువే గానీ ఆరున్నరేళ్ల రబ్బరు, గాడుల అడుగున సన్నటి పగుళ్లున్నాయి. పెద్దమనిషి కాగితం మీద లెక్క చూసి ఒప్పుకున్నారు. 3,85,000కు తెగింది.

కాగితాలలో ఒక చిక్కు ఉంది. ఆయన కారు లోను 2023లోనే తీర్చేశారు గానీ ఆర్‌సీలో బ్యాంకు హైపోథికేషన్, అంటే బండి తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉండిపోయింది. బ్యాంకు నుంచి తాజాగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాకట్టు తీరిందన్న ఫారం 35 తీసుకుని అది తొలగించేదాకా, 20,000 అడ్వాన్స్‌కు రాతపూర్వక రసీదు తీసుకుని మిగతా సొమ్ము ఆపమన్నాను. అది తొలగాక పేరు మార్పు ఫారం 29, 30 మీద సంతకాలు, చలానాల బాకీ సున్నా అని చూసుకోవడం, ఫాస్టాగ్ ఆయన చేతే మూయించడం, మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా పంపడం జరిగాయి. అమ్మే పెద్దాయనకు కూడా ఒక మాట చెప్పాను: ఒకే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపడం మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఆయన బాధ్యత. పేరు మారకుండా ప్రమాదం జరిగితే, రికార్డులో పేరున్నవారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మాట విన్నాక మాస్టారి కంటే ఆయనే ఎక్కువ తొందరపడ్డారు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు కూడా 14 రోజులే గడువు. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే కొత్త ఓనరుకు వస్తుంది గానీ, సొంత బండికి జరిగే నష్టానికి పరిహారం పాలసీ పేరు మారితేనే. బోనస్ మాత్రం పాత ఓనరుదే. ఆయన 50 శాతం ఆయనతో పోయింది, ఆ తేడా మాస్టారు కట్టారు.

ఆ నెలలో అయిన ఖర్చు ఇది: నాలుగు టైర్లు 16,500, బ్యాటరీ 4,500, ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ కలిపి 6,800, బుష్‌లు, లింక్ రాడ్లు 4,200, ఇన్సూరెన్స్, పేరు మార్పు కలిపి 12,000. మొత్తం 44,000. బండి ధరతో కలిపి 4,29,000. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి కాబట్టి, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని ఇంధన గొట్టాల రబ్బరు కూడా చూశాను. మెత్తబడలేదు. ఏడాదికోసారి చూపించుకోమన్నాను.

నా తప్పు మార్చిలో బయటపడింది. ఎండలు మొదలవగానే మాస్టారు ఫోను చేసి, ఏసీ చల్లగా రావడం లేదన్నారు. నవంబరు పొద్దున్న బందరులో నేను ఏసీ వేసి, గాలి చల్లగా వస్తోందని చేత్తో చూసి ఊరుకున్నాను. చలికాలంలో సగం గ్యాస్ ఉన్నా చల్లగానే వస్తుంది. విప్పి చూస్తే ముందు జాలీ వెనుక కండెన్సర్ కింది వరసలో రాయి తగిలి వంగిన చోట సన్నటి లీకు, చుట్టూ నూనె తడి పట్టి దుమ్ము అంటుకుని ఉంది. ఆ దుమ్ము ఆ రోజు కూడా అక్కడే ఉండి ఉంటుంది. టార్చి ఆ వైపు వేయలేదు. కొత్త కండెన్సర్, గ్యాస్ కలిపి 7,900 అయింది. అందులో నా తనిఖీ రుసుము అంత మొత్తం నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ కాలమైనా రెండు గేజీలూ తగిలించి ఏసీ ప్రెషర్ రాసుకోకుండా కాగితం మీద సంతకం పెట్టడం లేదు.

ఏప్రిల్‌లో చివరిసారి చూసినప్పుడు మీటరు 51,600 చూపుతోంది. మాస్టారి భార్య కూడా నడపడం నేర్చుకుంటున్నారు. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచవద్దని మాత్రం చెప్పి పంపాను.